ఎడమకాలి పాఠం చెప్పిన మాస్టారు

బడిలో డ్రిల్లు మాస్టారికి ఉండే స్థానం ఎలాంటిదో మన తరం వాళ్ళందరికీ తెలుసు. లెక్కల పాఠాలు పూర్తికాకపోతే డ్రిల్లు పీరియడ్ లెక్కల మాస్టారికి వెళ్ళిపోతుంది. సైన్సు మాస్టారు స్లిప్ టెస్టు పెట్టుకోవాలన్నా డ్రిల్లు పీరియడే దొరుకుతుంది. వానొస్తే అసలు డ్రిల్లే లేదు. ఆగస్టు 15కు, జనవరి 26కు పిల్లల్ని వరసల్లో నిలబెట్టడానికి, ప్రార్థన సమయంలో అల్లరి మూకను అదుపు చెయ్యడానికి తప్ప ఆయన ఎవరికీ గుర్తురాడు. హైదరాబాద్ బడుల్లో అలాంటి మాస్టారు ఒకాయన ఉండేవారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. భారత ఫుట్‌బాల్ జట్టును రెండుసార్లు ఆసియా విజేతగా నిలబెట్టి, ఒకసారి ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా నడిపించిన కోచ్ ఆయనే.

2024లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ ఆయన పాత్ర వేశాడు. అది చూసిన మా ఇందుకూరుపేట కుర్రాళ్ళు కొందరు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా చుట్టూ చేరి, ఇదంతా నిజంగా జరిగిందా, ఈయన నిజంగా హైదరాబాద్ వాడేనా అని అడిగారు. వాళ్ళ అనుమానం సహజమే. మా వైపు ఫుట్‌బాల్ ఎక్కడుంది? పెన్నా డెల్టా పొలాల గట్ల మీద పెరిగిన పిల్లలకు కబడ్డీ తెలుసు, వాలీబాల్ తెలుసు, ఇప్పుడు ఊరూరా క్రికెట్ తెలుసు. మైపాడు సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో ఉత్త కాళ్ళతో బంతి తన్నుకునే పిల్లలు కనిపిస్తారు గానీ అదొక పెద్ద ఆట అని వాళ్ళు అనుకోరు. సినిమా అన్నాక కొంత కల్పన తప్పదు. కల్పనను పక్కనబెట్టినా ఆ మాస్టారి కథలో చెప్పుకోవలసింది చాలా ఉంది.

ఈ శీర్షికలో మనం సాధారణంగా మిషనరీల జీవితాలు, భక్తుల జీవితాలు చదువుకుంటాం. రహీం గారు ముస్లిం. అయినా తన చేతికి అప్పగించిన పిల్లల విషయంలో చివరి శ్వాస దాకా నమ్మకంగా ఉన్న మనిషి గురించి చదవడానికి మనకు అభ్యంతరం ఉండనక్కరలేదని నా అభిప్రాయం.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆ విశ్వవిద్యాలయం జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. సిటీ కాలేజీ పాత విద్యార్థులు, అప్పటి విద్యార్థులు కలిసి పెట్టుకున్న ఎలెవన్ హంటర్స్ అనే జట్టులోనూ ఆడారు. చదువయ్యాక ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్ళారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూం హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత చూశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. జీతం బడిది, మనసు మైదానానిది.

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అంటే ప్రధానంగా సిటీ పోలీసు జట్టే. పగలు పోలీసు ఉద్యోగం, మిగతా వేళ బంతి. ఆ జట్టుకు అంతకుముందు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ కోచ్‌గా ఉండి గట్టి పునాది వేశారు. ఆయన తర్వాత 1950లో ఆ బాధ్యత రహీం గారి చేతికి వచ్చింది.

ఆ సంవత్సరాన్ని కొంచెం ఆగి చూడాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. రెండేళ్ళు తిరగలేదు. నగరంలో భయాలు, అనుమానాలు, తెగిపోయిన ఉద్యోగాలు, విడిపోయిన కుటుంబాలు. పాకిస్తాన్‌కు వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారు, ఉండిపోయినవాళ్ళను బయటివాళ్ళు ఏ కళ్ళతో చూస్తారో తెలియదు. అలాంటి ఊరి నుంచి, ఎక్కువమంది ముస్లిం కుర్రాళ్ళతో, ఒక బడిపంతులు వెంట బయల్దేరిన జట్టు అది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ వంటివాళ్ళు అందులో ఆడారు. అప్పటికి ఫుట్‌బాల్ రాజధాని కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు వింటేనే మిగతా ఊళ్ళ జట్లకు కాళ్ళు తడబడేవి. హైదరాబాద్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ హైదరాబాద్ పోలీసు జట్టు గెలిచింది. అదే ఏడాది ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది, అది కూడా ఫైనల్లో మోహన్ బగాన్ మీద. డ్యూరాండ్ 1888లో, రోవర్స్ 1891లో మొదలైన పోటీలు. రెండూ బ్రిటిష్ సైనికుల వినోదం కోసం పుట్టినవి. యుద్ధం, దేశవిభజన వల్ల ఆగిపోయిన డ్యూరాండ్ స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి జరిగింది 1950లోనే. అంటే స్వతంత్ర భారతదేశంలో ఆ కప్పు మీద మొదట చెక్కిన పేరు, రెండేళ్ళ క్రితమే దేశంలో కలిసిన ఒక నగరపు పోలీసులది. ఆ ఏడాదితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. డ్యూరాండ్ 1954లో, 1957లో, 1961లో మళ్ళీ వచ్చింది. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58 సీజన్లలో వరసగా రెండుసార్లు హైదరాబాద్ రాష్ట్ర జట్టు గెలుచుకుంది.

గాయపడిన ఊరికి ఆ గెలుపులు ఎంత ఊరటనిచ్చాయో ఊహించుకోవచ్చు. ఉపన్యాసాలతో కుదరని పని కొన్నిసార్లు ఒక బంతి చేస్తుంది.

ఇంతకీ ఈ మాస్టారు వాళ్ళకేం నేర్పాడు? నన్ను ఎక్కువగా పట్టుకున్న విషయం ఇదే. మామూలుగా కోచ్ అంటే ఆటగాడికి కొత్త విద్యలు నేర్పేవాడని అనుకుంటాం. రహీం గారు ముందు ఉన్నవాటిని తీసేసేవారు.

ప్రతి ఆటగాడికీ ఒక మంచి కాలు ఉంటుంది. మనలో చాలామందికి అది కుడికాలు. బంతి ఎడమవైపు వచ్చినా దాన్ని ఎలాగో కుడివైపుకు తిప్పుకుని తంతాం. ఆ తిప్పుకోవడానికి ఒక క్షణం పడుతుంది. బడి మైదానంలో ఆ క్షణానికి విలువ లేదు. పెద్ద ఆటలో ఆ క్షణంలోనే ఎదుటివాడు వచ్చి మీద పడతాడు. పైగా ఎదుటి జట్టు తెలివైనదైతే మొదటి పది నిమిషాల్లోనే ఎవడి మంచి కాలు ఏదో కనిపెట్టి, ఆ వైపు దారి మూసేస్తుంది. అందుకని రహీం గారు హైదరాబాద్‌లో ఒక విచిత్రమైన టోర్నమెంటు పెట్టారు. అందులో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. అప్పటిదాకా మైదానంలో రాజుల్లా తిరిగిన కుర్రాళ్ళు ఒక్కసారిగా నడక నేర్చుకుంటున్న పసివాళ్ళలా తడబడి ఉంటారు. చూసేవాళ్ళు నవ్వి ఉంటారు. ఆ నవ్వును ఓర్చుకుని నిలబడ్డవాడికి రెండు కాళ్ళు వచ్చాయి.

ఇంకొక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. డ్రిబ్లింగ్ అంటే బంతిని కాళ్ళ దగ్గరే ఆడించుకుంటూ ఒకరిని, ఇద్దరిని, ముగ్గురిని తప్పించుకుపోవడం. కుర్రాళ్ళకు ప్రాణం అదే. చప్పట్లు వచ్చేది దానికే. గల్లీ ఆటలో బాగా ఆడేవాడు బంతి దొరికితే ఇంకెవరికీ ఇవ్వడు. ఈ టోర్నమెంటులో ఆ సరదా కుదరదు. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇవ్వాలంటే పక్కవాడు ఎక్కడున్నాడో బంతి రాకముందే చూసుకుని ఉండాలి. అంటే కళ్ళు బంతి మీదే ఉంటే చాలదు, మనుషుల మీద ఉండాలి. బంతి లేనివాడు కూడా ఊరికే నిలబడకుండా, తనకు ఇవ్వడానికి వీలైన చోటుకు పరిగెత్తాలి. నేలబారుగా, చిన్న చిన్న పాసులతో, పదకొండు మందీ కదులుతూ ఉండే హైదరాబాద్ ఆట ఇలాంటి సాధనలోంచి వచ్చింది.

గిద్యోను సైన్యం గుర్తుకొస్తుంది. 32,000 మందితో బయల్దేరి 300 మందితో యుద్ధానికి వెళ్ళిన కథ మనకు తెలిసిందే. ఉన్నది తీసేశాక మిగిలిన దానితో నిలబడటం ఎలాగో ఆ కథ వినేవాళ్ళకు అర్థమైనంత తొందరగా, పరిగెత్తే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అర్థం కాదు. వాడికి ఎడమకాలు చూపించి చెప్పాలి.

మైదానంలో ఆటగాళ్ళను నిలబెట్టే పద్ధతిలో కూడా ఆయనది ముందుచూపే. అప్పట్లో మన జట్లన్నీ ముందు వరసలో ఐదుగురిని పెట్టేవి. మధ్యలో ఉండే సెంటర్ ఫార్వర్డ్ ఎదుటి గోలు దగ్గరే కాచుకుని ఉండేవాడు. అతన్ని కాయడానికి ఎదుటి జట్టులో ఒక డిఫెండర్ ఉండేవాడు. 1952లో కొలంబోలో జరిగిన పోటీలో రహీం గారు ఆ సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగారు. ఇప్పుడు ఆ డిఫెండర్‌కు దిక్కుతోచదు. వెనకాలే వెళితే గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది, వెళ్ళకపోతే మధ్యలో ఉన్నవాడు స్వేచ్ఛగా ఆడతాడు. మరుసటి ఏడాది, 1953 నవంబరులో హంగేరి జట్టు లండన్ వెంబ్లీ మైదానంలో ఇదే తరహా ఆటతో ఇంగ్లండ్‌ను 6-3 తేడాతో ఓడించినప్పుడు ప్రపంచం నోరు తెరిచింది. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే పద్ధతితో బ్రెజిల్ 1958లో ప్రపంచ కప్పు గెలిచింది. అంతకుముందే ఆ పద్ధతిని రహీం గారు మన కుర్రాళ్ళతో ఆడించారు. చాదర్‌ఘాట్ బడి మాస్టారికి ఇవన్నీ ఎలా తట్టాయని ఆశ్చర్యపోతాం గానీ, పాఠం చెప్పేవాడికి రోజూ ఎదురుగా పిల్లలుంటారు. వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూస్తూ ఉంటే చాలా సంగతులు తట్టుతాయి.

పిల్లల్ని వెతికి పట్టుకోవడంలో కూడా ఆయనకు ఓపిక ఎక్కువ. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ అందుకు సాక్ష్యం. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను తిరగ కుట్టించుకుని ఆడిన కుర్రాడు. రహీం గారి కంట పడ్డాడు. శిక్షణకు నగరానికి రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి డబ్బులు లేవని చెప్పుకున్నాడు. మాస్టారు తన జేబులోంచి సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. బలరాం తర్వాత మెల్బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, జకార్తాలో స్వర్ణం గెలిచాడు. భారతదేశం కన్న గొప్ప ఫార్వర్డులలో అతనొకడు. లెక్క వేస్తే ఆ సైకిల్ అద్దె ఎంత? ఎంతమంది పెద్దవాళ్ళ జేబుల్లో ఆ మాత్రం డబ్బులు ఉండవు?

1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం గారు భారత జట్టుకు కోచ్. శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో ఇరాన్ మీద సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో స్వర్ణం వచ్చింది. కొత్త దేశం పండగ చేసుకుంది.

మరుసటి ఏడాదే హెల్సింకిలో తల వంచుకోవలసి వచ్చింది. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1 తేడాతో ఓడింది. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఉత్త కాళ్ళతో ఫ్రాన్స్‌ను వణికించి 2-1 తేడాతో మాత్రమే ఓడినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు మనకు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పడం కష్టం. ఉత్త కాళ్ళ ఆట మన గొప్పతనం అనుకుంటూ ఉండిపోయాం. మైపాడు ఇసుకలో అది బాగానే ఉంటుంది. ఉత్తర ఐరోపా చలిలో, జారే పచ్చిక మీద, మేకుల బూట్లు వేసుకున్నవాళ్ళ ఎదుట అది సాగదు. హెల్సింకి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. పది గోళ్ళు తిన్న జట్టు కోచ్‌ను ఎవరైనా ఇంటికి పంపించేవాళ్ళు. రహీం గారు మిగిలారు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

నాలుగేళ్ళకు మెల్బోర్న్. 1956 ఒలింపిక్స్. ఆ జట్టులో అరడజను మందికి పైగా హైదరాబాద్ బిడ్డలు. సమర్ బెనర్జీ కెప్టెన్. మొదటి మ్యాచ్‌లో ఆడవలసిన హంగేరి పోటీ నుంచి తప్పుకుంది. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాతో ఆట. సొంత ఊళ్ళో, సొంత జనం మధ్య ఆడుతున్న ఆస్ట్రేలియాను భారత్ 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియాయే. నెవిల్ డిసౌజాయే ముందు గోలు కొట్టి భారత్‌కు ఆధిక్యం ఇచ్చాడు. కొద్ది నిమిషాల పాటు, నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు తిన్న దేశం ఒలింపిక్ ఫైనల్ గుమ్మంలో నిలబడింది. తర్వాత యుగోస్లావియా నాలుగు గోళ్ళు కొట్టి 4-1తో గెలిచింది. కాంస్య పతకం ఆటలో బల్గేరియా 3-0తో ఓడించింది. పతకం రాలేదు. నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంత దూరం వెళ్ళిన మొదటి ఆసియా దేశం మనదే.

1960లో రోమ్. హంగేరి, ఫ్రాన్స్, పెరూ ఉన్న గుంపులో మన జట్టు పడింది. హంగేరి చేతిలో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1 సమం చేసి, పెరూ చేతిలో 3-1తో ఓడి ఇంటికొచ్చారు. ఆటల సంగతి అలా ఉంచితే, ఆ జట్టులో ఒక పేరు దగ్గర నేను ఆగిపోతాను. సయ్యద్ షాహిద్ హకీం. రహీం గారి కొడుకు. రోమ్ వెళ్ళిన జట్టులో ఉన్నాడు. మూడు మ్యాచ్‌లలో ఒక్కదానిలో కూడా తండ్రి అతన్ని మైదానంలోకి దింపలేదు. రెండేళ్ళ తర్వాత జకార్తా వెళ్ళిన జట్టులో అతని పేరే లేదు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఎలా ఉండేదో తల్లిదండ్రులైన పాఠకులు ఊహించుకోగలరు. కొడుకు కోసం కుర్చీ ఖాళీ పెట్టించే పెద్దలను సంఘాల్లో, ఆఫీసుల్లో, రాజకీయాల్లో మనం రోజూ చూస్తున్నాం కాబట్టి ఈ మాట ఎత్తాను.

1962 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలకు బయల్దేరేనాటికే రహీం గారి ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల కేన్సర్ ఆయన్ను తినేస్తోంది. మైదానం పక్కన నిలబడి గొంతు చించుకుని అరవాల్సిన మనిషికి ఊపిరే కరువైంది.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించారు గానీ ఆ ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలింది. జట్టు మొత్తంలో కొండలాంటి డిఫెండర్ అతనే. తలకు కుట్లు పడ్డాయి. డిఫెండర్ పని అంటే గాలిలో వచ్చే ప్రతి బంతినీ తలతో కొట్టడం. కుట్లు ఉన్న తలతో ఆ పని కుదరదు. జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరాక రహీం గారు ఎవరూ ఊహించని పని చేశారు. కుర్రతనంలో జర్నైల్ ముందు వరసలో ఆడేవాడని ఆయనకు తెలుసు. అతన్ని ఫార్వర్డ్‌గా ముందుకు పంపి, రక్షణ మధ్యలో అరుణ్ ఘోష్‌ను నిలబెట్టారు. దక్షిణ వియత్నాం మీద సెమీఫైనల్ 3-2తో గెలిచారు. చునీ గోస్వామి రెండు గోళ్ళు కొడితే, మూడోది తలకు కట్టుతో ఆడిన జర్నైల్‌ది.

మైదానం బయట పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఇండోనేషియా ఆ క్రీడలకు రానివ్వలేదు. ఆసియా క్రీడల వ్యవస్థాపకుల్లో ఒకరైన మన జి.డి. సోంధీ దాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. దాంతో జకార్తా జనం భారతీయుల మీద మండిపడ్డారు. సెప్టెంబరు 3న, అంటే ఫైనల్‌కు ముందురోజు, భారత రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. తలపాగాతో కనిపిస్తే భారతీయుడని గుర్తుపడతారని జర్నైల్ సింగ్‌ను బస్సులో సీట్ల మధ్య నేల మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళారని ఆ జట్టువాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

ఆ రాత్రి రహీం గారు జట్టును దగ్గరకు పిలిచారు. తనకు వాళ్ళ దగ్గర నుంచి ఒక్క కానుక కావాలన్నారు. రేపటి స్వర్ణం తనకు కానుకగా ఇమ్మని అడిగారు. పన్నెండేళ్ళలో ఆయన తన కోసం అడిగింది బహుశా అదొక్కటే. ఆయన ఆరోగ్యం ఎలా ఉందో కళ్ళారా చూస్తున్న కుర్రాళ్ళకు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో లక్ష మంది దాకా జనం. అంతా కొరియా వైపే. మన జాతీయగీతం వినబడకుండా గోల చేశారు. గోల్‌కీపర్‌గా అంతకుముందు మ్యాచ్‌లు ప్రద్యుత్ బర్మన్ ఆడాడు, బాగానే ఆడాడు. కానీ కొరియావాళ్ళు ఎత్తు బంతులు ఎక్కువ వేస్తారని లెక్కగట్టి, జ్వరం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్‌ను రహీం గారు దింపారు. తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే, ఆరడుగులు దాటిన మనిషి. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మరో మూడు నిమిషాలకు జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. ఇక ఆ రెండు గోళ్ళను కాపాడుకోవడమే మిగిలింది. ఆట మరో ఐదు నిమిషాల్లో ముగుస్తుందనగా కొరియా ఒక గోలు కొట్టింది. ఆ ఐదు నిమిషాలు ఎలాగో గడిచాయి. భారత్ 2, కొరియా 1.

ఆ పదకొండు మందిని ఒకసారి తలచుకోండి. గోలులో ఒక క్రైస్తవుడు, మధ్యలో ఫ్రాంకో అనే గోవా క్రైస్తవుడు, ముందు తలకు కట్టుతో ఒక సిక్కు, పక్కన బెంగాలీ హిందువులు, అమ్ముగూడ బలరాం, హైదరాబాద్ ముస్లిం యూసుఫ్ ఖాన్. పక్కవాడు ఎక్కడున్నాడో ముందే చూసుకుని బంతి ఇచ్చెయ్యాలన్న పాఠం వాళ్ళకు ఒంటబట్టింది. మన సంఘాల్లో ఒకే పాటల పుస్తకం పట్టుకున్నవాళ్ళం కూడా ఒకరికొకరు బంతి ఇవ్వకుండా ఏళ్ళు గడిపేస్తాం.

జకార్తా నుంచి వచ్చాక రహీం గారు ఎక్కువ కాలం లేరు. మంచం పట్టారు. 1963 జూన్ 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు, స్వర్ణం గెలిచి తొమ్మిది నెలలు.

ఆయన పెంచిన చెట్టు కొంతకాలం కాయలు కాసింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా భారత్ కాంస్యం తెచ్చుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఊళ్ళో మైదానాలు తగ్గాయి, పోలీసు జట్టు వెనకబడింది, పిల్లలు క్రికెట్ వైపు మళ్ళారు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు పాతవాళ్ళు కొందరు రహీం గారిని తలచుకున్నారు. కోచ్‌లను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు.

రోమ్‌లో ఆడే అవకాశం రాని కొడుకు హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు. ఆటను వదల్లేదు. అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, శిక్షకుడయ్యాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. తండ్రి జీవితం మీద తీసిన సినిమా తెర మీదికి రాకముందే, 2021 ఆగస్టు 22న పోయాడు. సైకిల్ అద్దె తీసుకుని శిక్షణకు వచ్చిన బలరాం 2023 ఫిబ్రవరి 16న పోయాడు. జకార్తా తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం మళ్ళీ రాలేదు.